పచ్చబస్సు, నీలంబస్సు, చేపల వ్యాను

తాడేపల్లిగూడెంలో ఏలూరు వెళ్లే ప్రైవేటు బస్సుల స్టాండుకు నన్ను మేనేజరుగా వేసింది రెండు వేల ఐదు ప్రాంతంలో, ఒక వేసవిలో. అప్పటిదాకా రోడ్డుకు చెరోవైపు నిలబడి ప్రయాణికుల్ని చొక్కా పట్టుకు లాగిన రెండు కంపెనీలు, అద్దె కలిసొస్తుందని ఒకే స్టాండు తీసుకున్నాయి. పచ్చబస్సులు ఒకరివి, నీలంబస్సులు మరొకరివి. మధ్యలో నేను, మెడలో విజిలు. పోస్టు మాత్రం టెంపరరీ.

పద్ధతి తేలికే. ముందున్న బస్సుకే లోడింగు, అంటే జనాన్ని ఎక్కించుకునే హక్కు. వెనక బస్సు తలుపు తీయకూడదు. నేను విజిలు వేస్తే ముందుది కదలాలి, వెనకది దాని చోటికి రావాలి. ఆ విజిలు నా తలకెక్కింది. ఎవరి పక్షమూ అనిపించుకోకూడదని తెల్లచొక్కాలే వేసేవాణ్ణి. ఒకసారి మా ఆవిడ పచ్చచీరలో క్యారేజీ తెస్తే గేటు దగ్గరే ఆపేశాను. ఆ రోజు అన్నం చల్లారింది గానీ ఆవిడ చల్లారలేదు.

కొన్నాళ్లకు నన్ను పర్మినెంటు చేయాలో వద్దో తేలుస్తామని ఓనర్లిద్దరూ ఏలూరు రమ్మన్నారు. పిల్లల చదువులు దాని మీదే ఉన్నాయి. స్టాండులో ముందు పచ్చబస్సు ఉంది.

"ఎక్కండి మేనేజరు గారూ, ముందు సీటు మీకేనండి" అన్నాడు కండక్టరు.

ఎక్కితే నీలంవారు ఏమనుకుంటారో! తర్వాతి నీలంబస్సు ఎక్కితే పచ్చవారు ఊరుకుంటారా? ప్రభుత్వ బస్సెక్కితే ఇద్దరికీ ద్రోహం. ఈ ఆలోచనలో రైలు కూడా పోయింది. చివరికి, చేపలు దింపేసి కొల్లేరు వైపు తిరిగి వెళుతున్న వ్యాను ఎక్కి, ఖాళీ ట్రేల మధ్య కూర్చుని, ఐసునీళ్లలో తడిసి ఏలూరు చేరాను.

ఆఫీసు ముందు ఓనర్లిద్దరూ ఒకే కారులోంచి నవ్వుకుంటూ దిగారు. నా తెల్లచొక్కా నిండా చేప పొలుసులు.

"ఏవండీ, మన బస్సులు ఏమయ్యాయండీ?" అన్నారు పచ్చబస్సుల ఆయన ముక్కు మూసుకుని. ఉన్నదంతా చెప్పాను.

నీలంబస్సుల ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, "ఏ బస్సెక్కాలని జనం అడిగితే మీరేం చెబుతారండీ?" అన్నారు.

"ముందున్నది ఎక్కమంటానండి."

"మరి మీరో?"

పర్మినెంటైతే చేశారు, నన్ను కిటికీ పక్కన దూరంగా కూర్చోబెట్టి.

నేను నేర్చుకున్నది ఇంతే. ఉమ్మడి స్టాండులో పోటీ లోడింగు వరకే. ఆ పోటీని ఓనర్లకంటే ఎక్కువగా నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే. తిరుగు ప్రయాణంలో ముందున్న బస్సెక్కాను. అది ఏ రంగుదో ఇప్పుడు గుర్తు లేదు.