లీనా మంచం కింద నాలుగో పలక

మా లింతల్ ఊళ్లో నన్ను ఎరగనివాళ్లు ఉండరు. ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. పదమూడో ఏట నాన్న పాల లారీ నడిపాను. విస్కాన్సిన్ రాష్ట్ర సంతలో ఘాటు వాసన కొట్టే మా లింబర్గర్ చీజుకు మూడుసార్లు మొదటి రిబ్బన్ తెచ్చింది నేనే. ఊరి స్కౌట్ పిల్లల దళాన్ని ఇరవయ్యారేళ్లు నడిపాను, పాటల సంఘంలో మొదటి గొంతు నాది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి వెరీనా జెంట్నర్ కూర్చుని లీనా లెగ్లర్ గురించి రాస్తోందంటే ఊరికే రాయడం లేదని తెలియడానికి.

లీనా పొట్టి మనిషి. కొండవాలు మీద పొలం ఉన్న ఇంటి నుంచి వచ్చి, ఊరి చివర ఆవులున్న ఆస్వాల్డ్ లెగ్లర్‌ను చేసుకుంది. పిల్లల్లేరు. పొద్దున పాలు పిండేది, సాయంత్రం పాలు పిండేది, మధ్యలో ఆపిల్ పండ్లు ముక్కలు కోసి ఎండబెట్టేది. పాటల సంఘంలో నా వెనక నిలబడేది. ఆమె గొంతు ఎవరికీ విడిగా వినిపించేది కాదు. కానీ ఆమె రాని రోజున పాట పలచబడిపోయేది. ఎక్కడ లోటు వచ్చిందో తెలియక మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లం.

ఇక ట్రాక్ సంగతి. మా దగ్గర ప్రతి జనవరి చివర్లో పిల్లల చెక్క కార్ల పందేలు జరుగుతాయి. అరచేతి పొడవు పైన్ చెక్క దిమ్మ, నాలుగు చక్రాలు, ఇరుసులుగా నాలుగు మేకులు. ఇంజను ఉండదు, తాడు ఉండదు. వాలు పైనుంచి వదిలితే వాలే తీసుకెళ్తుంది. డిసెంబరంతా ఊళ్లో ఏ వంటింట్లో చూసినా చెక్క పొట్టే. పాత ట్రాక్ విరిగిపోయిన ఏడు కొత్తది ఎంచుకునే పని దళం నాకు అప్పజెప్పింది. ఇంకెవరికి అప్పజెబుతుంది?

నేను జిల్లా ఊరికి వెళ్లి అల్యూమినియం ట్రాక్ చూశాను. తళతళా మెరుస్తోంది. విప్పితే ఒక్క పెట్టెలో పడుతుంది, గోడకు ఆనించి మర్చిపోవచ్చు. కళ్లు మూసుకుని ఒక కారు వదలమన్నాను. కంచం మీద కత్తి గీసినట్టు వినిపించింది. తర్వాత మా వడ్రంగి ఫ్రిడొలిన్ కుబ్లి కొట్లో మేపుల్ పలకల మీద అదే కారు వదిలించాను. అది ఒళ్లో పడుకున్న పిల్లి గురగురలాడినట్టు వెళ్లింది. అక్కడికక్కడే తేల్చేశాను, చెక్కదే కావాలని.

అయితే చెక్కకు పడక కావాలి. చర్చి నేలమాళిగలో మంచు కరిగే రోజుల్లో నీళ్లు నిలుస్తాయి. దళం హాలు అటక వేసవిలో పొయ్యిలా కాలుతుంది. మా చీజు మాగబెట్టే సొరంగంలో ఎండాకాలమైనా చలికాలమైనా ఒకటే చల్లదనం, కానీ అక్కడ వారం ఉంచిన వస్తువు ఎలా కంపు కొడుతుందో మా ఊరివాళ్లకు వేరే చెప్పాలా?

"పిల్లల కార్లకు ముక్కులుంటే సగం దారిలోనే వెనక్కి తిరిగి పారిపోతాయే వెరీనా!" అంది బర్తా హెఫ్టి. బర్తా నా చిన్ననాటి స్నేహితురాలు. నన్ను ఎగతాళి చెయ్యనిదే ఆమెకు పూట గడవదు.

"అయితే ఒక ఇల్లు కాదు, ఏడిళ్లు ఇద్దాం," అన్నాను నేను. ఆ ఉపాయం నాదే, ఎవరినైనా అడగండి. ట్రాక్‌ను మూడు కార్లు పక్కపక్కన పోయేలా మూడు వరసలతో, ఏడు పలకలుగా చేయించాం. ఇంటికొక పలక. పొయ్యికి దూరంగా, బయటి గోడకు దూరంగా, మంచం కింద చదునుగా పడుకోబెట్టాలి. చీజును తిప్పినట్టే వారానికోసారి, శనివారం పొద్దున, దాన్ని పక్క మార్చాలి. లేకపోతే చెక్క ఒకవైపే గాలి పీల్చుకుని దోనెలా వంగుతుంది.

"ఏడిళ్లు కావాల్సిన ట్రాక్‌ను ఎంచుకున్నది ప్రపంచంలో నువ్వొక్కత్తివేనే," అంది బర్తా. అవును, నేనొక్కదాన్నే.

మంచు పడే మధ్యాహ్నాల్లో కిటికీ దగ్గర కూర్చుంటే నాకొక చిత్రమైన ఊహ వచ్చేది. ట్రాక్ ముక్కలై లేదు, ఊరి కింద పొడుగ్గా పరుచుకుని ఉంది. కుబ్లి వాళ్ల మంచం కింద మొదలై, గోడలు దాటి, మంచు కప్పిన తోటల కింద నుంచి, నిద్రపోతున్న పిల్లల కింద నుంచి, బర్తా గురక కింద నుంచి మా ఇంటి దాకా సాగుతోంది. దాని మీద ఒక చిన్న కారు చప్పుడు లేకుండా పోతోంది. ఎవరూ వదల్లేదు, ఎక్కడా ఆగదు. ఆ కారు మా మంచం కిందికి వచ్చేసరికి నాకూ కునుకు పట్టేది.

నాలుగో పలక, సరిగ్గా నడిమిది, లీనాకు వచ్చింది. బర్తా వాళ్ల పలక పొయ్యి సెగకు గరిటెలా వంగితే ఫ్రిడొలిన్ రెండుసార్లు కొత్తది చేశాడు. లీనా పలక మాత్రం పెళ్లినాటి దుప్పటిలా ఉండేది. శనివారాలు నేను చీజు సంఘం తరఫున పాల లెక్క చూడ్డానికి వెళ్తే ఆమె మంచం కిందే ఉండేది, పాదాలు మాత్రం బయటికి కనిపిస్తూ. మెత్తటి గుడ్డతో తుడిచి, పక్క మార్చి, మోకాళ్లు పట్టుకుని లేచేది.

"ఇంత శ్రద్ధ నీ మొగుడి మీద ఉందా లీనా?" అన్నానొకసారి.

"ఆయన తిరగబడతాడు. ఇది తిప్పినట్టు తిరుగుతుంది," అంది.

ఆపిల్ పండ్లు కోసే రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున, లీనా నిద్రలేవలేదు. వైద్యుడు గుండె అన్నాడు. పాటల సంఘమంతా సమాధి దగ్గర పాడాం. పాట పలచగా వచ్చింది. ఆస్వాల్డ్ ఇంటికి వెళ్లి పడకగదికి తాళం వేసి, వంటింటి బల్ల మీద పడుకోవడం మొదలుపెట్టాడు. చర్చికి రాలేదు, చీజు సంఘానికి రాలేదు. పాల డబ్బాలు గుమ్మం బయట పెట్టి తలుపు మూసుకునేవాడు.

జనవరి వచ్చింది. ఆ ఏడు దళంలో పదకొండు మందే మిగిలారు. జిల్లా ఊరి దళంవాళ్లు 'మీ పిల్లల్ని మాలో కలిపెయ్యండి, మా ట్రాక్ మీదే ఆడుకుంటారు' అని కబురు పెట్టారు. మా ఊళ్లో పందేలు ఒక్క ఏడు ఆగితే ఇక అంతే. పిల్లలు వాళ్లలో కలుస్తారు, మా హాలుకు తాళం పడుతుంది. నేను ఇన్నేళ్లు నిలబెట్టిన దళం నా చేతిలోనే ముగుస్తుంది. అందుకే ముందుగా ఆస్వాల్డ్ ఇంటికే వెళ్లాను.

కాఫీ పోసి నా ముందు పెట్టాడు. తను కూర్చోలేదు.

"పలక కోసం వచ్చావు," అన్నాడు.

"అవును."

"ఇవ్వను."

"ఆస్వాల్డ్, అది దళానిది."

"దళానిదే. నాది కాదు. అయినా ఇవ్వను." కిటికీలోంచి ఆవుల కొట్టం వైపు తిరిగాడు. "శనివారం తిప్పింది, ఆదివారం పోయింది. తీగ మీద బట్టలు వదిలి వెళ్లింది, నేనే తీసి మడిచాను. రొట్టె చేసి వెళ్లింది, తినేశాను. ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు కూడా అయిపోయాయి. ఆమె పెట్టింది పెట్టినట్టు ఉన్నది అదొక్కటే వెరీనా. దాన్ని కదపను."

కాఫీ తాగి వచ్చేశాను.

సాయంత్రం మా వంటింట్లో బర్తా, ఫ్రిడొలిన్ కూర్చుని సూపు తాగుతున్నారు. కొత్త పలక చెయ్యగలవా అని అడిగితే ఫ్రిడొలిన్ తన చేతులు చూపించాడు. అవి వణుకుతున్నాయి. "సూపు చెంచా నోటి దాకా వచ్చేసరికి ఖాళీ అవుతోంది. రంపం పడితే ముందు నా వేళ్లే పోతాయి. పైగా ఎండిన మేపుల్ ఇప్పుడెక్కడుంది?"

"తాళం పగలగొట్టి తెచ్చేద్దాం," అంది బర్తా.

"నీ నోటికి వెయ్యాలే తాళం," అన్నాను. ఆ మాట అంటూనే నాకు ఆస్వాల్డ్ ఇల్లు కళ్లకు కట్టింది. వరండా, దాని మీదికి తెరుచుకునే పడకగది కిటికీ, కిటికీకి ఎదురుగా తలుపు, తలుపు అవతల పొడుగాటి వంటిల్లు. మంచం నడిమధ్యన. "పలక రాకపోతే మానె. మిగతా ఆరూ దాని దగ్గరికి వెళ్తాయి."

ఫ్రిడొలిన్ చెంచా కింద పెట్టాడు. బర్తా, చూసి తీరాలి, మొదటిసారి ఎగతాళి మర్చిపోయి బల్ల మీద వేలితో ఆ కిటికీనీ తలుపునూ గీసి చూసుకుంది.

మర్నాడు మళ్లీ వెళ్లాను. "పలకను ముట్టుకోం. కదపం. ముందు మూడు పలకలు కిటికీలోంచి లోపలికి వస్తాయి, వెనక మూడు తలుపులోంచి వంటింట్లోకి పోతాయి. కార్లు మంచం కిందనుంచి వెళ్తాయి. అంతే," అన్నాను.

ఆస్వాల్డ్ నన్ను ఎగాదిగా చూశాడు. "జనవరిలో కిటికీ తెరిచి పెడతావా? చిన్నప్పుడు బడి నుంచి వస్తూ మంచులో దారి తప్పావని విన్నాను. అప్పుడే గడ్డకట్టినట్టుంది నీ బుర్ర."

"గడ్డకట్టినా పనిచేస్తోంది కదా."

చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "పిల్లలు మంచం ఎక్కుతారు."

"ఎక్కరు."

"బూట్లు విప్పి రమ్మను," అన్నాడు.

పందేల రోజు శనివారం. మంచు సన్నగా, గాలి లేకుండా పడుతోంది. ఆరిళ్ల తలుపులు తెరుచుకుని ఆరు పలకలు వీధిలోకి వచ్చాయి. చిన్న బళ్ల మీద దుప్పట్లు కప్పి, నిద్రపోతున్న పసివాళ్లను తీసుకెళ్తున్నట్టు నెమ్మదిగా లాక్కొచ్చాం. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మంచులో అడుగుల చప్పుడు కూడా మెత్తబడిపోయింది. వెనక పిల్లలు తమ కార్లను కోటుల లోపల ఛాతీకి ఆనించుకుని నడిచారు. ఊరంతా కల్లో నడుస్తున్నట్టు అనిపించింది నాకు.

వరండాలో ఎత్తు బల్ల వేశాం. కిటికీ తెరిచాం. ఆస్వాల్డ్ జేబులోంచి తాళంచెవి తీసి, గది తలుపు తెరిచి, పక్కకు తప్పుకుని వంటింటి గోడకు ఆనుకున్నాడు. లోపల ఆపిల్ వాసన ఇంకా ఉంది. ఆయన తాత చేసిన వాల్‌నట్ చెక్క మంచం, గొర్రెపిల్ల దూరేంత ఎత్తు. నేను మోకాళ్ల మీద వంగి లాంతరు కిందికి పట్టాను.

పలక వీపు మీద ఫ్రిడొలిన్ పెన్సిలుతో వేసిన నాలుగు అంకె కనిపించింది.

పలక బోర్లా ఉంది. కార్లు నడిచే ముఖం నేలవైపు ఉంది. ఆ చివరి శనివారం లీనా దాన్ని అటు పక్కకు తిప్పింది. ముట్టుకోనని మాటిచ్చాను. మాట తప్పితే పందేలు ఉంటాయి, నిలబెట్టుకుంటే ఉండవు. కిటికీలోంచి వచ్చిన మంచు దుప్పటి మీద వాలి, కరగడానికి ఇష్టం లేనట్టు కాసేపు అలాగే ఉంది.

లేచి నిలబడ్డాను. "సర్దండి," అన్నాను బర్తాతో. "పిల్లలకు రొట్టెలు పెట్టి పంపిద్దాం."

"అదేమిటే, ఇంత దూరం వచ్చి..."

"మాటిచ్చాను."

గుమ్మంలో ఆస్వాల్డ్ గొంతు వినిపించింది. "ఏమైంది?"

"బోర్లా ఉంది," అన్నాను.

ఆయన మంచం వైపు చూశాడు. కిటికీ అవతల వరండాలో నిలబడ్డ పిల్లల వైపు చూశాడు. వాళ్లు ఊపిరి వదిలితే పొగ లేస్తోంది. "ఇవాళ శనివారమా?" అన్నాడు.

"శనివారమే."

"ఇన్ని శనివారాలు తిప్పకుండా వదిలేశానని తెలిస్తే నన్ను ఆవుల కొట్టంలో పడుకోబెట్టేది." ఆ మాట మాతో కాదు, తనలో తనే అనుకున్నాడు. కోటు విప్పి తలుపు కొక్కేనికి తగిలించాడు. బూట్లు విప్పాడు. నేల మీద వెల్లకిలా పడుకుని మంచం కిందికి జరిగాడు. మేజోళ్ల మడమలు మాత్రం బయట మిగిలాయి.

కాసేపటికి పలక నేల మీద మెల్లగా తిరగబడిన చప్పుడు వినిపించింది. ఎవరం పిలవలేదు. బర్తా కూడా పిలవలేదు.

"వెరీనా," అన్నాడు లోపలినుంచి. "నడుమ కొంచెం లేచింది. ఇంతకాలం ఒకే పక్కన ఉంది కదా."

"కార్లు ఎగిరి పడతాయా?"

"పడతాయి. నేను అంచులు అదిమి పట్టుకుంటాను. మీరు అటూ ఇటూ తగిలించండి."

ఫ్రిడొలిన్ వణికే చేతులతోనే చీలలు దింపాడు. ఆ పనిలో మాత్రం ఆయన చెయ్యి తప్పలేదు. ఏడు పలకలు ఒకటయ్యాయి, మంచులో మొదలై వంటింటి పొయ్యి ముందు ముగిశాయి. మొదటి మూడు కార్లు బల్ల మీద నిలబడ్డాయి.

"మిస్టర్ లెగ్లర్, రెడీనా?" అని కిటికీలోంచి పిల్లలు అరిచారు.

"నా ముక్కు జాగ్రత్త! వదలండి!"

కార్లు మంచులోంచి గదిలోకి దిగి, మంచం కింది చీకట్లోకి దూరి, మాయమయ్యాయి. ఇటు వంటింట్లో ఉన్నవాళ్లకు, అటు వరండాలో ఉన్నవాళ్లకు ఏమీ కనిపించదు. చూసేది ఆయనొక్కడే.

"పచ్చది! పచ్చది ముందుంది! ఎర్రోడు అందుకుంటున్నాడు... ఒరే, ఈ పసుపుదానికి చక్రం ఊగుతోంది, ఎవడిదిరా ఇది?"

"నాదే!" అని వరండాలోంచి ఒక గొంతు.

"మేకు బిగించుకో!"

కార్లు తలుపులోంచి వెలుతురులోకి వచ్చేసరికి వంటిల్లు దద్దరిల్లింది. పదకొండు మంది పిల్లలూ మూడు వరసల మీదా తలా ఒకసారి పరిగెత్తించే దాకా ఆస్వాల్డ్ బయటికి రాలేదు. మధ్యలో బర్తా రై రొట్టె మీద ఉల్లిపాయ, లింబర్గర్ పెట్టి కిందికి అందించింది. "దేవుడా, ఈ వాసనతో కార్లు దారి తప్పుతాయి," అన్నాడు. మొత్తం తినేశాడు.

గెలిచినవాళ్లకు రిబ్బన్లు కట్టాను. జిల్లా ఊరివాళ్లకు మా పిల్లలు ఎక్కడికీ రారని మర్నాడే ఉత్తరం రాయాలని కూడా అక్కడే నిశ్చయించుకున్నాను. బయట పొద్దు వాలుతోంది. చీలలు తీద్దామని ఫ్రిడొలిన్ వంగితే మంచం కిందనుంచి చెయ్యి బయటికి వచ్చి ఆయన చీలమండ పట్టుకుంది.

"ఆగు. ఇంకోసారి వదలమను. ఊరికే, పందెం లేకుండా."

పిల్లలు మళ్లీ వరండాలోకి పరిగెత్తారు.