అక్క పెట్టిన వంకర పన్ను

మా అక్క ముప్పై ఏళ్ళు కట్టుడు పళ్ళు చేసింది. పళ్ళ ఆసుపత్రిలో వెనక గది ఆమెది. ముందు గదిలోంచి డాక్టరు నోటి అచ్చు పంపితే, ప్లాస్టర్ పోసి, మైనంలో పళ్ళు అమర్చి, అరగదీసి, మెరుగుపెట్టి పంపేది. ఆ సెట్టు ఏ నోట్లోకి వెళ్ళిందో ఒక్కసారీ చూడలేదు. పిలిచి చూపించాలని ఆ మహానుభావుడికి తోచలేదు. అడగడానికి ఈవిడకి నోరు రాలేదు. తన పళ్ళతో ఎవరైనా తింటుంటే కళ్ళారా చూడాలన్నది ఒక్కటే ఆమె కోరిక.

"అన్నీ తిన్నగా ఉంటే కట్టుడు పళ్ళని తెలిసిపోతుందే" అని, పై వరసలో ఎడమవైపు రెండో పన్నుని ఒక్క పిసరు పక్కకి తిప్పేది. డాక్టరు విసుక్కున్నా మానలేదు.

పని మానేసిన రోజున ఆయన ఇద్దరికి భోజనం కూపన్ చేతిలో పెట్టాడు. అదేదో టపాస్ రెస్టారెంటు. చిన్న చిన్న పళ్ళేల్లో రకరకాలు వస్తాయి, అందరూ పంచుకుని తినాలి. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, నన్ను కాక ఎవర్ని పిలుస్తుంది? నేను మోకాలి నొప్పన్నాను. ఆ డాక్టరు పెట్టే తిండి నాకక్కర్లేదని పంతం. నా బోడి పంతం!

ఒక్కతే వెళ్ళింది. ఇంటికి నడుస్తూ నాకు ఫోన్‌లో చెప్పింది. ఆలివ్ కాయలు, వేయించిన బంగాళాదుంపలు, టమాటా గుజ్జు పూసిన రొట్టె. ప్రతి పళ్ళెంలోనూ సగం తిని, సగం అలాగే ఉంచిందట. ఆ సగం నా వాటా.

చివర్లో తీపి వచ్చింది. చల్లటి కస్టర్డ్, దాని మీద మాడీమాడని పంచదార పాకంలో బాదంపలుకులు పొదిగిన పలక. అలాంటి తీపి జన్మలో తినలేదంది. పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన అదే పలకని పళ్ళతో కటుక్కున కొరికాడు. అక్క తల తిప్పి చూసింది. పై వరస, ఎడమవైపు, రెండోది. ఒక్క పిసరు పక్కకి.

"నా పళ్ళేనే! విరుగుతాయేమోనని ప్రాణం పోయిందనుకో. విరగలేదే!"

ఆయన వియ్యాలవారితో వచ్చినట్టున్నాడు. "అన్నయ్యగారివి ఇనప పళ్ళు" అని వియ్యపురాలు మురిసిపోతోందట. అక్క లేచి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఏం కావాలమ్మా?"

"ఆ తీపి... బాగుందాండీ?" అని మాత్రం అనగలిగింది.

"అమోఘం! కానీ గట్టిదమ్మా, మీరు జాగ్రత్త. నావి సొంత పళ్ళు కాబట్టి సరిపోయింది."

"అలాగేనండీ" అని వచ్చి కూర్చుందట.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అక్కడే కడిగి పారెయ్యొద్దూ!" అని అరిచాను.

"పోనిద్దూ, వియ్యాలవారి ముందు ఎందుకు పాపం" అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"కూర్చున్నాక, ఎదుటి ఖాళీ కుర్చీలో నువ్వున్నట్టే, 'చూశావుటే, అవి నేను చేసినవే' అని పైకే అనేశానే. పళ్ళేలు తీస్తున్నతను ఆగి, 'నాతో ఏమైనా అన్నారా మేడమ్?' అన్నాడు. లేదు బాబూ అన్నాను."