కొట్లవాళ్ళ అయూబ్

పాతపోస్టాఫీసు వీధిలో అయూబ్ నడక చూస్తే ఎక్కడికో ఆలస్యమైన మనిషనిపిస్తుంది. నిలబడితే మడమ ఆడిస్తాడు, కూర్చుంటే చొక్కా గుండీ తిప్పుతాడు. బీకాం ప్యాసై కొట్లవాళ్ళకు లెక్కలు రాస్తూ ఏడాదిగా ఒక్క ప్రశ్నతోనే తిరుగుతున్నాడు: కాస్ట్ అకౌంట్సా, సీఏనా? కాస్ట్ అకౌంట్స్ చదివితే కొత్తగా కడుతున్న ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం రావచ్చు. ఉక్కునగరం క్వార్టర్‌లో భార్య చాంద్ సుల్తానా, చంటిపాప సుఖపడతారు. సీఏ అయితే ముందు ఆడిటరు దగ్గర మూడేళ్ళు చాలీచాలని భత్యానికి పనిచేయాలి. ఆ తర్వాత మాత్రం ఈ వీధిలోనే కొట్లవాళ్ళకు అండగా ఉండొచ్చు.

ఆ ఉదయం పనిలో చేర్చుకుంటాడేమో ఆడిటరును ఊరికే అడిగి చూద్దామని, ఇస్త్రీ చొక్కా తొడిగి తోలుసంచి పట్టుకుని వస్తుంటే, వీధిలో షట్టర్లు దడదడా దిగిపోయాయి. వలలూ తాళ్ళూ అమ్మే సూరన్న తన షట్టరు కిందినుంచి తొంగిచూశాడు.

“నువ్వా బావా! సేల్స్‌టాక్సోడనుకున్నాను. పేనం పోయినంత పనయ్యింది.”

“ఏటి, తప్పేటైనా సేసినావా?”

“తప్పేటీ నేదు. ఆడేటడుగుతాడో, నానేటి సెప్పాలో తెలీక మూసేత్తన్నాను.”

అయూబ్ వంగి షట్టరు పైకెత్తాడు. “ఇంక ముయ్యకు. ఆడొత్తే నాను మాటాడతాను.”

“నీకేటి తెలుసు?”

“తెలుసుకోడానికి మూడేళ్ళు పడతాది.”

“మరాడు రేపొత్తేనో?” అని సూరన్న నవ్వాడు.

అయూబ్ నవ్వలేదు. సీఏయే చదువుతానన్న ఈ మాట ముందుగా చాంద్ సుల్తానాకు చెప్పాలని తోచి, ఆడిటరు దగ్గరికి కాక ఇంటివైపు గబగబా నడిచాడు.