గంట చెప్పడం మానేసిన వారం

టైలరమ్మకు చెవులు వినిపించవు. నాలుగేళ్ళ క్రితం ఒక పాడు జ్వరం వచ్చి, పోతూ పోతూ రెండు చెవులనూ పట్టుకుపోయింది. మాట మాత్రం ఎక్కడికీ పోలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది. తన గొంతు తనకు తెలియదు కాబట్టి, ఆమె రహస్యం చెప్పినా ఎదురింటివాళ్ళు ఊ కొడతారు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేస్తుంది. గుబురు మీసాలవాళ్ళు వస్తే మాత్రం, “నాయనా, ఆ పొద కాస్త పైకెత్తి మాట్లాడు” అంటుంది.

కుట్టుపనికి చెవులక్కర్లేదు. చిక్కంతా తలుపు దగ్గరే. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. మిషను కిటికీ వెలుతురుకు పెట్టుకోవడంతో వీపు తలుపు వైపుంటుంది. బెల్లు కొడితే వెలిగే బల్బు ఒకటి పెట్టించారు గానీ, తల వంచి కాజాలు కుడుతున్న మనిషి గోడ మీది బల్బును ఎప్పుడని చూస్తుంది? స్కూలు యూనిఫాంలు కుట్టించుకునేవాళ్ళు రెండుసార్లు తలుపు కొట్టి, మూడోసారి ఇంకో దుకాణం చూసుకున్నారు. ఇలాగైతే పని మూతపడుతుందని భయం పట్టుకుని, చప్పుడైతే వచ్చి చెప్పే కుక్కను తెచ్చుకోవాలనుకుంది.

ఆ మాట అనగానే కూతురు ఎగిరిపడింది. ఈ కూతురు టైలరమ్మ కన్నది కాదు. కాలం చేసిన భర్తకు మొదటి భార్య బిడ్డ. తల్లి పోయిన ఏడాదికి, తొమ్మిదేళ్ళ పిల్లగా ఈమె చేతికొచ్చింది. ఇప్పుడు ఆస్పత్రిలో నర్సు. ఆదివారం ఆదివారం వచ్చి పిన్నికి మందులు సర్ది, నాలుగు చివాట్లు పెట్టి పోతుంది.

“తెచ్చుకుంటే కుక్కపిల్లను తెచ్చుకో పిన్నీ. పెద్దదాన్ని కొంటే అది మన మాట వింటుందా? మొక్కై వంగనిది మానై వంగుతుందా?”

“నాకు వంచే ఓపిక లేదే తల్లీ! పిల్లను తెస్తే ఈ గుడ్డల మధ్య అది ఇల్లు పీకి పందిరేస్తుంది. దాన్ని దారికి తెచ్చేసరికి నా తలప్రాణం తోకకొస్తుంది. ఏడాదిన్నర అయ్యాక, ఇది పనికి రాదమ్మా అంటారు. అప్పుడేం చెయ్యను, దానికీ ఓ మిషను కొనివ్వనా?”

చివరికి పిన్ని మాటే నెగ్గింది. కుక్కల మేష్టారు నాలుగేళ్ళ ఆడకుక్కను తీసుకొచ్చి అప్పగించాడు. ఇలాంటి కుక్కలను తయారుచేయడమే ఆయన పని. పెద్ద పెద్ద చెవులు, గోధుమరంగు ఒళ్ళు, పేరు గంట. అంతకుముందు చెవులు వినిపించని ఒక ఇల్లాలి దగ్గరుండేది. ఆవిడకు ఆపరేషనై చెవులు రావడంతో దీనికి పని లేకపోయింది. “నెల రోజులు చూడండమ్మా. కుదిరితే మీదే. కుదరకపోతే వెనక్కిచ్చేయండి, పిల్లనిస్తాను” అన్నాడాయన.

మొదటి రోజు ఎవరో తలుపు కొట్టారు. గంట లేచివచ్చి, ముక్కుతో టైలరమ్మ మోకాలిని పొడిచి, తలుపు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. టైలరమ్మ ఆనందం పట్టలేక, వచ్చినవాళ్ళను పలకరించడం మాని కుక్కను ముద్దులాడింది.

ఆ ఆనందం రెండు రోజులు నిలిచింది. పైవాటాలో ఒక పసిబిడ్డ ఉంది. ఆ బిడ్డ ఏడ్చినప్పుడల్లా గంట వచ్చి మోకాలు పొడిచేది. ఈమె మిషను ఆపి లేచేది. గంట మెట్ల వైపు తలుపు దగ్గరికి పోయి, పైకి చూస్తూ తోక ఊపేది. పాత ఇంట్లో పసిబిడ్డ ఏడిస్తే తల్లికి చెప్పడమే దాని పెద్ద పని మరి! పసిబిడ్డలు రోజుకు ఎన్నిసార్లు ఏడుస్తారో వేరే చెప్పాలా? అది పొడిచినప్పుడల్లా లేస్తూ ఉంటే ఒకనాడు చొక్కా చెయ్యి తిరగేసి కుట్టేసింది.

“అమ్మా నా తల్లీ, ఆ బిడ్డకు కన్నతల్లి ఉందే! మధ్యలో నీకూ నాకూ ఏమిటే గోల?” అని మొత్తుకుంది. బిడ్డ తల్లి, పైవాటా అమ్మాయి, ఆ కేకకు కంగారుపడి కిందికి దిగొచ్చింది.

మేష్టారికి ఫోనులో రాసి పంపితే జవాబొచ్చింది. బిడ్డ ఏడుపుకు లేవకండి, అటు చూడకండి, పట్టించుకోకపోతే అదే మానేస్తుంది అని. తలుపు చప్పుడుకు మాత్రం లేవాలని కూడా రాశాడు. అది తలుపు కోసం పొడిచిందో, బిడ్డ కోసం పొడిచిందో లేచి చూస్తే గానీ ఈమెకు ఎలా తెలుస్తుంది? ఆ సంగతి ఆయనకూ తట్టలేదు, ఈమెకూ తట్టలేదు. మొత్తానికి లేవడమే మానేసింది.

మొదటి రోజు గంట పొడిచింది, మళ్ళీ పొడిచింది, రెండు కాళ్ళూ ఒళ్ళో పెట్టి మొహంలోకి చూసింది. టైలరమ్మ మనసు రాయి చేసుకుని కుట్టు మీదినుంచి చూపు తిప్పలేదు. మూడో రోజు సగం దూరం వచ్చి వెనక్కి పోయింది. వారం తిరిగేసరికి గుడ్డలు కత్తిరించే బల్ల కింద పడుకుని, అసలు లేవడమే మానేసింది. హమ్మయ్య, పీడ విరగడైందనుకుంది టైలరమ్మ.

రెండు రోజుల తర్వాత గుమ్మం కింద చీటీ దొరికింది. “మూడుసార్లు వచ్చాం. కొట్టీ కొట్టీ చేతులు నొప్పెట్టాయి. మా కర్టెన్ల గుడ్డ తిరిగిచ్చేయండి” అని రాసి ఉంది. మూడుసార్లూ గంట ఇంట్లోనే ఉంది. టైలరమ్మ పైవాటా అమ్మాయిని బయట నిలబెట్టి, తలుపు కొట్టమని చెప్పి, తను కుర్చీలో కూర్చుని కుక్కనే చూసింది. ఆ పెద్ద చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. గంట తలెత్తి ఈమె వైపు చూసింది. చూసి, మళ్ళీ గడ్డం కాళ్ళ మీద ఆన్చుకుంది. దానికి వినిపించింది. చెప్పలేదంతే.

ఈ చూపు టైలరమ్మ ఇంతకుముందే చూసింది.

కొత్తగా కాపురానికొచ్చిన రోజులవి. బడినుంచి రాగానే ఆ తొమ్మిదేళ్ళ పిల్ల మిషను పక్కన నిలబడి, “ఇవాళ అమ్మ గేటు దగ్గరికొచ్చింది పిన్నీ, నన్ను చూసి నవ్వింది” అని చెప్పేది. చనిపోయిన తల్లి గురించి మర్నాడు ఇంకోటి చెప్పేది. ఏం చెయ్యాలో తెలియక అత్తగారిని అడిగితే, “పట్టించుకోకమ్మా. వినేవాళ్ళు లేకపోతే అదే మానేస్తుంది” అంది. పెద్దావిడ మాట కదా అని, తల వంచుకుని కుట్టుకుంటూ కూర్చుంది. వారానికల్లా పిల్ల మానేసింది. పిల్ల కుదురుకుందని అందరూ సంతోషించారు. నెల తర్వాత స్నానం చేయిస్తుంటే చూసింది, మడమలో మేకు గుచ్చుకుని, చీము పట్టి, పాదమంతా వాచిపోయి ఉంది. పది రోజులుగా మునివేళ్ళ మీద నడుస్తోందట. “ఎందుకు చెప్పలేదే?” అంటే, “చెప్తే ఏమవుతుంది?” అంది ఆ పిల్ల. కోపం కూడా లేదు ఆ గొంతులో. తర్వాత ఆ మాట ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు. ఆ పిల్ల చదువుకుంది, నర్సయింది, ఎవరికి ఏ నొప్పొచ్చినా ముందుంటుంది. తన నొప్పి మాత్రం నేటికీ ఎవరికీ చెప్పదు.

మేష్టారిచ్చిన నెల గడువులో ఇక మిగిలిన రోజులు ఆరు. ఆ ఆరు రోజులూ టైలరమ్మ గంటను బతిమాలుతూనే ఉంది. అది చెవి కదిపితే చాలు, చేతిలో పని వదిలేసి లేచేది. మోకాళ్ళ నొప్పులతో పైవాటా మెట్లెక్కి, “బిడ్డ ఏడ్చిందా? మా గంట చెప్పిందిలే” అని అబద్ధమాడి వచ్చేది. పైవాటా అమ్మాయి నవ్వుకునేది. గంట మాత్రం బల్ల కిందినుంచి కదల్లేదు.

ఆదివారం కూతురు వచ్చింది. గంటను తిరిగి అప్పగించడానికి ఎవరిదో కారు అడిగి తెచ్చుకుంది.

“నేను ముందే చెప్పాను కదా పిన్నీ. మేష్టారి దగ్గర ఓ నల్లపిల్లను చూసొచ్చాను, భలే ఉంది. మనమే మొదటినుంచీ పెంచుకుంటే ఈ తంటా ఉండదు.”

“మొదటినుంచీ పెంచినవాళ్ళే మనవాళ్ళవుతారా?” అంది టైలరమ్మ. “నువ్వు నా దగ్గరికి తొమ్మిదేళ్ళదానివై వచ్చావు.”

కూతురు గంట గొలుసు చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

“దీని తప్పేం లేదే. ఇది చెప్తూనే ఉంది. నేనే విననట్టు కూర్చున్నాను.” టైలరమ్మ తన మామూలు పెద్ద గొంతుతోనే అంటోంది, వీధి వీధంతా వింటుందన్న సంగతి కూడా పట్టలేదు. “నీకూ అదే చేశాను. మీ అమ్మ గేటు దగ్గరికొచ్చిందని నువ్వు చెప్పావు చూడు, అప్పుడు నాకు చెవులు బాగానే ఉన్నాయి. అయినా వినలేదు. ఏమందే మీ అమ్మ, ఎలా నవ్విందే అని ఒక్కసారి అడిగితే నా సొమ్మేం పోయేది? తప్పయిపోయింది తల్లీ. ఇన్నేళ్ళుగా చెప్పాలనుకుంటూనే ఉన్నాను.”

కూతురు నవ్వింది. ఆస్పత్రిలో అందరికీ నవ్వే నవ్వది. “ఇప్పుడెందుకు పిన్నీ అవన్నీ? నాకసలు గుర్తే లేదు. ఉండు, టీ పెట్టుకొస్తాను” అని వంటింట్లోకి పోయింది.

టైలరమ్మ ఉసూరుమని మిషను ముందు కూలబడింది. చెప్పడం ఆలస్యమైపోయిందనుకుంది. కుక్కా పోతుంది, కూతురు ఇలాగే నవ్వుతూ వచ్చి పోతుంటుంది. కళ్ళు తుడుచుకుని, చేతులు ఊరుకోక ఒక బొత్తాం తీసుకుంది.

మోకాలి మీద తడిగా ముక్కు తగిలింది.

ఉలిక్కిపడి చూసింది. గంట. మళ్ళీ పొడిచింది, ఈసారి గట్టిగా. టైలరమ్మ బొత్తాం ఎక్కడ పడేసిందో, ఎలా లేచిందో ఆమెకే తెలియదు. “ఎక్కడే? పైనా?” అని మెట్ల వైపు రెండడుగులు వేసింది. గంట అటు రాలేదు. వంటింటి వైపు నడిచి, వెనక్కి తిరిగి చూసి, గుమ్మంలో కూర్చుంది.

లోపల స్టవ్ వెలిగించలేదు. కూతురు గట్టు మీద రెండు చేతులూ ఆన్చి, అటు తిరిగి నిలబడి ఉంది. వెనకనుంచి చూస్తే మామూలుగానే ఉంది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

టైలరమ్మ గబగబా వంగి గంట తలను రెండు చేతులతో పట్టుకుంది. “మంచిపిల్ల! మంచిపిల్ల! విన్నావే, చెప్పావే!” అంది. ఆ తర్వాత వెళ్ళి కూతుర్ని తన వైపు తిప్పుకుంది.

కూతురు మొహమంతా తడిసిపోయి ఉంది. ఏడుస్తూనే నవ్వు ఆపుకోలేక, పిన్ని చదువుకునేలా ఒక్కో మాటా విడదీసి అంది: “నేనిక్కడ ఏడుస్తుంటే, ముందు కుక్కకి మెచ్చుకోళ్ళా?”

“మరి చెప్పింది అదే కదే! నువ్వు చెప్పావా?”

“చెప్తాను” అంది కూతురు. పిన్ని చేతులు పట్టుకుని, ఆమె కళ్ళు తన పెదాల మీదికి వచ్చేదాకా ఆగింది. “అమ్మ ఆకుపచ్చ గొడుగు వేసుకుని వచ్చేది పిన్నీ. ఎండా వానా లేకపోయినా వేసుకునే వచ్చేది.”

“అలాగా,” అంది టైలరమ్మ, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంటూ. “నిన్ను చూసి ఏమనేది?”