సచివాలయానికి బయట తాళం

చిత్తూరు దగ్గర ఒక పల్లె సచివాలయంలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఎండాకాలం అది. ఊరి బోరు మోటారు కాలిపోయింది. ఆ సంగతి మాకు తెలుసు, ఊరికి తెలియదు. చెబితే జనం కంగారుపడతారని మా పై అధికారి చెప్పొద్దన్నారు.

మూడో రోజు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి, నన్ను లోపలుంచి బయట తాళం వేశారు. నేను కదలకూడదని అంతమంది కోరుకోవడం జీవితంలో అదే మొదలు.

అధికారికి ఫోన్ చేశాను. "నీళ్లు సాయంత్రానికి వస్తాయని చెప్పు" అన్నారు. కిటికీలోంచి అదే చెప్పాను.

"నిన్నా సాయంత్రమే అంటివి. ఏ సాయంత్రమో సెప్పు నాయనా" అంటూ వాళ్లలో పెద్దదైన మునెమ్మవ్వ గడప ముందే చతికిలబడింది.

కరెంటు పోయింది. మధ్యాహ్నానికి నా సీసాలో నీళ్లూ అయిపోయాయి. దాంతో ఊరి సమస్య నాకు పూర్తిగా అర్థమైంది. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

"మోటారు కాలిపోయిందవ్వా. రిపేరుకిచ్చినాము. ఆదివారం దాకా రాదు. ట్యాంకరు అడిగినాము, పైవాళ్లు ఇంకా ఒప్పుకోలేదు."

రాళ్లు పడతాయేమోనని కిటికీ రెక్క సగం మూశాను.

"ఈ మాట మొన్నే సెప్పింటే మా తోట బావికాడ్నించి ట్రాక్టరుతో నీళ్లు తోలుకొనేవాళ్లం కదప్పా!" అని మునెమ్మవ్వ తాళం తీసి, నా చేతికో బిందె ఇచ్చింది. "రా, నువ్వూ మొయ్."

ఆదివారం దాకా మోశాను. ఇప్పుడు ఏది చెడిపోయినా, ఎప్పటికి బాగవుతుందో, మాకేం తెలియదో ముందుగానే బోర్డు మీద రాస్తున్నాను. జనం తిడుతున్నారు, కానీ తలుపు తెరిచే ఉంటోంది.