దొరవారి గుర్రానికి రక్తపరీక్ష

ఖమ్మూన్ జీవితంలో ఇద్దరు మగవాళ్లున్నారు. ఒకడు మొగుడు ఇన్‌తా. రెండోవాడు నాలుగు వందల ఏళ్ల కిందట చచ్చిపోయిన సేన్‌హాన్ దొర. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ చాకిరీ చేశావని అడిగితే ఆమె తడుముకోకుండా మొగుడి పేరే చెబుతుంది.

"దొరవారు ఏడాదికి ఇరవై రోజులే వస్తారు. ఈయన రోజూ ఇంట్లోనే ఉంటాడు" అంటుంది.

వాళ్లది చియాంగ్ మాయి పక్కన బో సాంగ్ అనే గొడుగుల ఊరు. అక్కడి పిల్లలకు ముందు నడక వస్తుందో గొడుగుపని వస్తుందో చెప్పలేం. ఖమ్మూన్ తొమ్మిదో ఏట నుంచే కాగితపు గొడుగుల వెదురుపుల్లలకు దారం ఎక్కించేది. పుల్ల పుల్లకూ సూదిమొన దూరేంత బెజ్జం. అందులోంచి దారం లాగి, పుల్లలన్నిటినీ ఒక ముడిలోకి తేవాలి. ఒకసారి దారిలో వాన పట్టుకుంటే అక్కడే కూర్చుని గొడుగు కట్టుకుని, ఒళ్లు తడవకుండా ఇంటికొచ్చిందని ఇన్‌తా చెబుతాడు. ఆయన మాటల్లో సగం తీసేసినా కథకు సరిపడా మిగులుతుంది.

దొరవారు ఆమె మీదికి వచ్చింది ఇరవై తొమ్మిదో ఏట. అంతకుముందు ఆయన ఖమ్మూన్ తల్లికి, దానికి ముందు అమ్మమ్మకు పూనేవాడు. తల్లి పోయిన ఏడాదికి ఒకరోజు ఖమ్మూన్ నిప్పుల మీద పచ్చిమిరపకాయలు కాలుస్తూ కాలుస్తూ ఉన్నట్టుండి మగగొంతుతో "నా కత్తేదిరా?" అని గర్జించింది. ఇన్‌తా హడలిపోయి చేతికందిన కూరగాయల కత్తి ఇచ్చాడు. దాన్ని చూసి దొరవారు అరగంటసేపు తిట్టారట. ఆ తిట్లతోనే ఇన్‌తాకు బంటు ఉద్యోగం ఖాయమైంది. దొరవారికి తలపాగా చుట్టడం, చుట్ట వెలిగించడం, సారా పోయడం, ఆయన పాతకాలపు మాటలు జనానికి విప్పి చెప్పడం ఆయన పని.

దొర పూనిన మనిషిని ఆ ప్రాంతంలో గుర్రం అంటారు. దొర రౌతు, మనిషి గుర్రం. రౌతు దిగి వెళ్లిపోయాక గుర్రానికి ఏమీ గుర్తుండదు. ఎండలు ముదిరిన నెలల్లో ఒక్కో వంశంవాళ్లు ఒక్కో రోజు పందిరి వేసి తమ దొరకు ఆట పెడతారు. చుట్టుపక్కల దొరలందరికీ పిలుపులు వెళతాయి. డప్పులు, గంటలు, సన్నాయిల మధ్య పొద్దున ఎనిమిదికి మొదలైన ఆట సాయంత్రం అయిదుకు గానీ ఆగదు. గుర్రాల్లో చాలామంది అరవై దాటిన ఆడవాళ్లే.

నలభై ఏడో ఏట ఖమ్మూన్ వేళ్లు మొరాయించాయి. పొద్దున లేచేసరికి పిడికిళ్లు ముడుచుకుని ఉండేవి. పది దాటితే గానీ విచ్చుకునేవి కావు. తర్వాత మణికట్లు వాచాయి, మోకాళ్లు వాచాయి. కీళ్లవాతం అన్నారు డాక్టర్లు. పదకొండేళ్లు ఆమె రవిక బొత్తాలు ఇన్‌తాయే పెట్టాడు. జిగురన్నం ముద్దలు చేసి పచ్చడిలో అద్ది చేతికిచ్చింది కూడా ఆయనే. గొడుగుపని పూర్తిగా ఆగిపోయింది. కానీ ఎండాకాలం వచ్చి దొరవారు పూనగానే అవే వేళ్లు కత్తి పట్టేవి, అవే మోకాళ్లు తొమ్మిది గంటలు చిందేసేవి. మర్నాడు మాత్రం ఆమె మంచం దిగలేకపోయేది.

"పనంటే పట్లు, ఆటంటే గంతులు" అనేది ఆడపడుచు.

"ఎగిరింది నేనా? వెళ్లి దొరవారినే అడుగు. నీ మొహం చూసి జవాబిస్తారేమో!" అనేది ఖమ్మూన్.

ఇలా ఉండగా పట్నం ఆస్పత్రిలో థనవత్ అనే కుర్ర డాక్టరు కొత్త సూదిమందు ఒకటి పరీక్షిస్తూ ఇరవై నలుగురు ఆడవాళ్లను చేర్చుకున్నాడు. వాళ్లలో ఖమ్మూన్ ఒకతె. ఎనిమిది నెలలయ్యేసరికి ఆమె పిడికిళ్లు తెల్లవారేలోపే విచ్చుకోసాగాయి. మొదటిసారి మళ్లీ ఒక గొడుగుకు దారం ఎక్కించడానికి మూడు గంటలు పట్టింది. ఆ గొడుగును ఆమె అమ్మనివ్వలేదు. తలాపున పెట్టుకుని పడుకుంది.

మూడు నెలలకోసారి రక్తం తీసేవారు. ఎందుకో నర్సు రుంగ్‌తివా చెప్పింది. ఆమెది పక్క ఊరే, గొడుగుల సంగతి తెలిసిన పిల్ల.

"అత్తా, కాగితం నానేసిన తొట్టిలో పీచు తేలుతుంది చూడు. పీచు ఎక్కువ తేలిందంటే ఏంటి?"

"కాగితం చిరుగుతోందని."

"కీళ్లలో ఎముకల మధ్య మెత్తటి పొర ఉంటుంది. అది అరిగితే దాని పీచు రక్తంలో తేలుతుంది. మేం దాన్నే లెక్కపెడతాం. లెక్క తగ్గిందంటే మందు నీ కీళ్లను కాస్తున్నట్టు."

మొదట పద్నాలుగు వచ్చింది, తర్వాత పన్నెండు, ఆ తర్వాత పదకొండు. నాలుగోసారి మాత్రం పందొమ్మిది!

థనవత్ కబురు పెట్టి ఇద్దరినీ పిలిపించాడు. బ్యాంకాక్ మనిషి, మాట మెత్తన, మొహం దిగులు. "పెద్దమ్మా, కీలు చాలా అరుగుతోందంటోంది ఈ లెక్క. పదిహేనో రోజున ఇంకోసారి తీస్తాం. అప్పుడూ ఇలాగే ఉంటే మీకు మందు పనిచేయట్లేదని ఆపేయాలి. నియమం అది."

ఖమ్మూన్ తన వేళ్లవైపు చూసుకుంది. వాటిని తెరిచింది, మూసింది. "పనిచేస్తోంది కదయ్యా, చూడు!"

"చేతులు బాగానే ఉన్నాయి. రక్తం ఒప్పుకోవట్లేదు. కష్టమైన పని చేస్తే కూడా ఆ లెక్క ఒక రోజు పెరుగుతుంది. అందుకే కాగితంలో అడిగాం. 'నిన్నగానీ ఇవాళగానీ పరుగు, ఎక్కువ నడక, బరువు మోయడం ఉన్నాయా?' మీరు లేదని రాయించారు."

"లేదు మరి."

"ఆ ముందురోజంతా ఏం చేశారు?"

"ఏమో, నాకేం తెలుసు?" అంది ఖమ్మూన్ నిజాయితీగా.

డాక్టరు ఇన్‌తావైపు తిరిగాడు. ఇన్‌తా గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడ ఏమీ చేయలేదు బాబూ. దొరవారే పొద్దున్నుంచి సాయంత్రందాకా చిందేశారు. రెండు కత్తులతో."

రుంగ్‌తివా చేతిలో కాగితాలు అడ్డం పెట్టుకుని మొహం దాచుకుంది. డాక్టరు మాత్రం నవ్వలేదు. మెల్లగా కలం మూత పెట్టాడు. "తొమ్మిది గంటలా?"

"మధ్యలో సారాకి ఆగారు."

సంగతి తేలిపోయింది గానీ చిక్కు విడిపోలేదు. ఆట వల్లే లెక్క పెరిగిందని డాక్టరు నమ్మితే చాలదు, రెండో లెక్క కూడా ఆ మాటే చెప్పాలి. పదిహేనో రోజును ఒక్క పూట కూడా జరపడానికి వీల్లేదు. సరిగ్గా దానికి ముందురోజే కాలువ అవతలి వంశం వాళ్ల ఆట. తిథి చూసి పెట్టిన రోజు, అదీ జరగదు.

"ఆ ఒక్కరోజు వెళ్లకండి పెద్దమ్మా."

"పిలుపు నాకొచ్చిందా? దొరవారికొచ్చింది. ఆయన్ని వెళ్లొద్దనడానికి నేనెవర్ని? పోనీ చెబుదామన్నా, ఆయన వచ్చినప్పుడు నేనుండను, నేనున్నప్పుడు ఆయన రారు. నలభై ఏళ్ల కాపురం చేసినా ఒకరినొకరం చూసుకోలేదు."

"నలభై కాదే, ముప్పై" అన్నాడు ఇన్‌తా.

"నువ్వూరుకో. బాబూ, కావలసింది నీకు. అడగాల్సింది నువ్వే."

ఆ శనివారం పొద్దున థనవత్ నిజంగానే వచ్చాడు. రుంగ్‌తివా చెప్పినట్టు పళ్లెంలో పూలు, పేలాలు, వత్తులు, ఒక సీసా సారా, కట్ట చుట్టలు సర్దుకుని తెచ్చాడు. ఇన్‌తా మేడమీది పూజగదిలో చాప పరిచి కూర్చోబెట్టాడు. ఖమ్మూన్ వత్తి వెలిగించి మొక్కింది. కాసేపటికి రెండు ఆవలింతలు, ఒక వణుకు. తర్వాత చాప మీద కూర్చున్న మనిషి వెన్ను నిటారైంది, గడ్డం పైకి లేచింది.

"ఎవడ్రా ఈ పాలబుగ్గల వాడు?"

"డాక్టరు, దొరవారూ" అన్నాడు ఇన్‌తా చుట్ట వెలిగించి ఇస్తూ.

"నాకేం రోగం?"

థనవత్ మూడుసార్లు వంగి దండం పెట్టాడు. "మీకు కాదు దొరవారూ. మీ గుర్రానికి." ఇంకేం చెప్పాలో తోచక, అలవాటుకొద్దీ, "ముందు ఆ చుట్ట తీసేయండి, దానివల్ల కీళ్లవాతం ముదురుతుంది" అనేశాడు.

ఇన్‌తా కళ్లు మూసుకున్నాడు.

"నేను చచ్చి నాలుగు వందల ఏళ్లయింది. చుట్ట నన్నింకేం చేస్తుందిరా?"

"మీరు పోయారు సరే దొరవారూ. ఊపిరితిత్తులు ఆమెవి కదా!"

దొరవారు చుట్టను కళ్లముందు తిప్పి చూసుకున్నారు. ఇన్ని వందల ఏళ్లలో ఈ ముక్క ఎవరూ ఎత్తినట్టు లేదు. ఆఖరికి చుట్టను పళ్లెం అంచుకు నొక్కి ఆర్పి, "చెప్పు" అన్నారు.

థనవత్ చెప్పాడు. కీలు మధ్య పొర, రక్తంలో పీచు, పద్నాలుగు, పన్నెండు, పదకొండు, పందొమ్మిది. మందు ఆగితే ఆ చేతులు మళ్లీ పిడికిళ్లైపోతాయనీ, పరీక్ష ముందురోజు కాస్త విశ్రాంతి కావాలనీ విన్నవించుకున్నాడు.

"గుర్రాన్ని నాలుగు కోసులు పరిగెత్తించి, ఆ వెంటనే గిట్టలు చూసి కుంటిదన్నారన్నమాట! మా కాలంలో గుర్రాలవైద్యుడు అలా చేస్తే చెవులు కోసేవాళ్లం. పిలుపును కాదనను. వెళతాను. వెళ్లి కూర్చుంటాను. కుర్చీ వేయించండి" అన్నారు దొరవారు.

ఆటకు పోయి కూర్చున్న దొర ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ లేరు.

ఆ రోజు రానే వచ్చింది. కాలువ అవతల పందిట్లో పద్దెనిమిది మంది దొరలు చిందులేస్తుంటే, సేన్‌హాన్ దొర ఎర్ర తలపాగాతో చెక్కకుర్చీలో కూర్చున్నారు. సెలవు పెట్టి వచ్చిన రుంగ్‌తివా ఒక పక్క, ఇన్‌తా ఒక పక్క. సన్నాయి ఎత్తుకున్నప్పుడల్లా దొరవారి కుడి పాదం లేవబోయేది. ఇన్‌తా దగ్గేవాడు. పాదం దిగేది.

మధ్యాహ్నానికి ఆ ఇంటి దొర కత్తి తిప్పుకుంటూ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఏం సేన్‌హాన్! గుర్రం ముసలిదైపోయిందా? లేక రౌతే ముసలివాడా?"

పందిరంతా చెవులు రిక్కించింది. దొరవారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని సగం లేచారు. ఇన్‌తా దగ్గు ఈసారి పనిచేసేలా లేదు. సగం లేచిన దొరవారు అలాగే ఒక క్షణం ఆగి, మళ్లీ కూర్చున్నారు.

"రేపు నా గుర్రానికి రక్తపరీక్ష" అన్నారు పెద్దగొంతుతో. "కీలు ఎంత అరిగిందో నెత్తుట్లో చూసి చెబుతారు. మీ గుర్రాలకు అలా చూసేవాళ్లున్నారా?"

ఆ ఇంటి దొర కత్తి దించాడు. అటూ ఇటూ చూసి కుర్చీ దగ్గరకు వంగాడు. "నా గుర్రానికి కూడా... ఎడమ మోకాలు. మెట్లెక్కితే కటకటమంటుంది."

"నా దానికి రెండూ!" అన్నాడు వెనకనుంచి ఇంకో దొర.

కాసేపట్లో డప్పులు మోగుతూనే ఉన్నాయి గానీ ఎవరూ ఆడటం లేదు. తలపాగాలు, కత్తులతో దొరలు వరసగా నిలబడి తమ గుర్రాల నడుములు, మడమలు, బొటనవేళ్ల కష్టాలు చెప్పుకుంటున్నారు. రుంగ్‌తివా ఒక్కొక్కరి పేరూ రాసుకుంటూ, "గుర్రం వయసెంత దొరవారూ? పొద్దున లేవగానే ఎంతసేపు బిగుసుకుపోతుంది?" అని అడుగుతోంది. కొందరికి తమ గుర్రం వయసు తెలియదు. పక్కనున్న కోడళ్లు చెప్పారు.

సాయంత్రం ఖమ్మూన్ కళ్లు తెరిచేసరికి ఇన్‌తా తలపాగా విప్పుతున్నాడు. ఆమె ముందు పాదాలు తిప్పి చూసుకుంది. అరికాళ్లకు మట్టి లేదు.

"కూర్చున్నారా?" అంది నమ్మలేనట్టు.

"కూర్చున్నారే. ఒక్కసారి సగం లేచారు."

"సగమెందుకు లేచారు? నువ్వేం చేస్తున్నావు?"

"దగ్గాను!"

"దగ్గాడట!"

మర్నాడు అద్దెకు తిరిగే ఎర్ర బండి దిగి ఆస్పత్రి గుమ్మందాకా నడిచినందుకు ఆమెను అరగంట కదలకుండా కూర్చోబెట్టాకే రక్తం తీశారు. తర్వాతి ఆరు రోజులూ ఖమ్మూన్ దారం ఎక్కిస్తూనే ఉంది. మందు ఆపేస్తే ఈ వేళ్లు ఎన్నాళ్లు తెరుచుకుంటాయో తెలియదు గనక, ఆపేలోపు చేతనైనన్ని చేసేయాలని. గొడుగుల పుల్లలు గది నిండా పేరుకుపోయి ఇన్‌తాకు పడుకోవడానికి చోటు లేకుండా పోయింది.

ఏడో రోజు థనవతే ఫోను చేశాడు. "పది, పెద్దమ్మా! అన్నిటికన్నా తక్కువ. మందు ఆపం."

ఖమ్మూన్ ఫోను చెవి నుంచి తీసి, దాన్నే చూస్తూ ఉండిపోయింది. మళ్లీ పెట్టుకుంది. "బాబూ, ఒక్క మాట. దొరవారు మళ్లీ చిందేస్తే కీళ్లు అరిగిపోతాయా?"

"ఒక రోజు ఆటకు లెక్క పెరుగుతుంది, తగ్గిపోతుంది. వాపు లేని రోజుల్లో ఆడనివ్వండి. కదలని కీలు కన్నా కదిలే కీలే నయం. పరీక్షకు ముందు మాత్రం కూర్చోవాలి."

"అలాగైతే మూడు నెలలకోసారి నువ్వే వచ్చి ఆయనకు చెప్పుకోవాలి. ఒకసారి అడిగింది ఒకసారికే చెల్లుతుంది. ఈసారి చుట్టలు తేకు, ఆయన మానేశారు. ఇన్‌తా దిగులుపడిపోతున్నాడు, మిగిలినవి తనకు దక్కేవట."

"తప్పకుండా వస్తాను పెద్దమ్మా" అన్నాడు డాక్టరు. అవతల కాగితం మీద కలం గీసిన చప్పుడు వినిపించింది. తేదీ రాసుకుంటున్నట్టున్నాడు.

ఖమ్మూన్ ఫోను పక్కన పెట్టి, మొగుడివైపు తిరిగింది. "ఏమయ్యా, ఆ పుల్లలు కాస్త పక్కకు జరుపుకుని పడుకో. ఇంక తొందరేం లేదు."