పన్నెండు కుందేళ్లు

“...నలభైని పన్నెండు చేయించానని సంబరపడింది నువ్వే కదన్నయ్యా! మిఠాయి పొట్లం కూడా పట్టుకొచ్చావు.”

“పొట్లం సంగతి ఇప్పుడెందుకే?”

“నేనూ తిన్నాను కాబట్టి.”

చెల్లెలు అట్టముక్క మీద నినాదం రాస్తూ తలెత్తలేదు. ఆయన చెప్పులు వేసుకుని బయటపడ్డాడు.

కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే ఆయన్ని పిల్లలు కుందేలు మాస్టారంటారు. బాధపడే ప్రాణి ఎవరి సరుకూ కాదని ఆయన ఒక పుస్తకం రాశాడు. ఆ మాటే పట్టుకుని అన్నాచెల్లెళ్లిద్దరూ వైద్య కళాశాల గేటు ముందు ఇరవై ఏళ్లు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. లోపల జంతువుల మీద ప్రయోగాలు మాత్రం ఆగలేదు. తర్వాత, ప్రతి ప్రయోగానికీ అనుమతి కమిటీలో ఒక బయటి సభ్యుడి సంతకం ఉండాలన్న నిబంధన వచ్చింది. కళాశాలవాళ్లు ఈయన్నే పిలిచారు. లోపల కూర్చుంటే కొన్నయినా మిగుల్తాయని ఆయన ఒప్పుకున్నాడు. చెల్లెలు నెల్లాళ్లు మాట్లాడలేదు.

నిజంగానే కొన్ని మిగిలాయి. కిందటేడు కంటిమందు పరీక్షకు డాక్టరు నలభై కుందేళ్లు అడిగితే, ఈయన రెండు గంటలు వాదించి పన్నెండుకు దించాడు. “అన్ని తక్కువైతే ఫలితం తేలదేమోనండీ” అని కమిటీలోని గణాంకాలాయన నసిగాడు. ఎవరు ఎన్ని అడిగినా అందులో కొంత కోత పెట్టడం అలవాటైపోయిన మాస్టారు ఆ మాట పూర్తి కానివ్వలేదు.

ఫలితం తేలలేదు. పన్నెండింటి కళ్లూ పోయాయి, ఆపైన ప్రాణాలూ పోయాయి. ఇప్పుడు అదే పరీక్షకు మళ్లీ నలభై కావాలట.

సమావేశానికి ముందు ఆయన జంతువుల గదిలోకి వెళ్లాడు. బోనులు కడిగే మనిషి గొట్టం పక్కన పెట్టాడు.

“మీరు గట్టిగా నిలబడ్డారని అందరూ చెప్పుకున్నారు సార్.”

“నువ్వేమనుకున్నావు?”

“నేనేమనుకుంటాను? వాటిని పట్టుకునేది నేనే కదా. కాళ్లు కొట్టుకునేవి.” అతను మళ్లీ గొట్టం అందుకున్నాడు. “కాస్త పక్కకు జరగండి, తడుస్తారు.”

పైగదిలో డాక్టరు కాగితం ముందుకు జరిపాడు. ఆయన మొహంలో గెలిచిన కళేమీ లేదు.

“ఈసారి బేరాలొద్దు మాస్టారూ. ఇంకోసారి పాడైతే మరో నలభై. మీరు కాదంటే బయటి సభ్యుడిగా మరొకరు వస్తారు. చదవకుండానే సంతకం పెట్టేవాళ్లు ఉన్నారు, మీకూ తెలుసు.”

తెలుసు. సంతకం పెడితే నలభై పోతాయి. పెట్టకపోతే ఈ కుర్చీ పోతుంది, తర్వాత ఎన్ని పోతాయో చెప్పడానికి ఎవరూ ఉండరు. ఆ పన్నెండింటి సంగతి తెలిసిన చెల్లెలు ఇంతవరకూ ఉద్యమంలో ఎవరికీ చెప్పలేదు.

మాస్టారు కలం మూత బిగించాడు.

“సంతకం పెట్టను. ఆ పన్నెండూ నా మొండితనం వల్లే వృథాగా పోయాయని రాసుకోండి. కిందికెళ్లి గేటు దగ్గరున్న ఉద్యమంవాళ్లకీ నేనే చెబుతాను.”